రెండో సాక్షి

మైలాపూర్ రిజిస్ట్రార్ ఆఫీసులో
ఆ జంటకి ఒక సాక్షి తక్కువైంది.
బెంచీ మీంచి ఆవిడ లేచింది:
"నేను పెడతాలెండి సంతకం."

పేరు హేరా. ఊరు ఒలింపస్.
వృత్తి దగ్గర 'పెళ్ళిళ్ళు' అని రాసింది.
భర్త ప్రస్తుతం ఎక్కడున్నారనే గడి
ఖాళీగా వదిలేసింది.
నేనడగలేదు.
నా గడీ పన్నెండేళ్ళుగా అంతే.

బయట కార్తీకం వాన.
"కోకిలై వచ్చాడమ్మా, వణుకుతూ.
జాలిపడి పైటలో దాచుకున్నాను.
అంతే, పెళ్ళి"
అంది, వేలి సిరా తుడుచుకుంటూ.

నా దగ్గరికి లూనా మీద వచ్చాడు.
గొడుగు అడిగాడు.

దండలు మారుతున్నాయి.
ఆవిడ సంచిలో నెమలీక
ఒక్క కన్నూ మూయలేదు.

ఇంతలో చువ్వల మీద
నల్లపిట్టొకటి వాలింది, నీళ్ళోడుతూ.
కిటికీ రెక్క మూద్దామని
ఇద్దరం లేచాం.

ఎవరమూ మూయలేదు.