ఏ పచ్చ?

కొండపి దాటాక, రేకుల గదిలో
నేను రాసిన ప్రోగ్రాం నడిచే కంప్యూటరు.
పద్నాలుగు బ్యారన్లు, పద్నాలుగు వరసలు,
వరస చివర ఒక్క మాట, దానికో రంగు.
మండుతోంది: ఆకుపచ్చ.
చూసుకో: పసుపుపచ్చ.
ఆరిపోయింది: ఎరుపు.
ఒంగోలులో, కర్నూలు రోడ్డు మేడ మీద
కర్టెన్లు దించిన గదిలో ఎంచానవి.
మూడు క్లిక్కులు. టీ ఇంకా వేడిగానే ఉంది.

ఫిబ్రవరి రాత్రి, పదకొండు దాటాక
ఫోన్లో మాల్యాద్రి:
"తొమ్మిదోది పచ్చగా ఉందమ్మా."
సరేనని పడుకున్నాను.

తెల్లారి తలుపు తీస్తే
సెగ తగ్గిన బ్యారన్లో
ఈనెలో తడి వెనక్కి ఆకులోకి పారి
ఈనె పొడుగునా నల్లటి చార,
ప్రతి ఆకు మీదా, ప్రతి కర్ర మీదా.

"పచ్చ అన్నావు కదా!"
"పచ్చే గదమ్మా. కామెర్లు పచ్చ గాదా?
అక్షరాలు చదువుదామంటే
కళ్లజోడు ఇంటికాడ. ఈగలు వాలినట్టున్నాయి."

అబద్ధం చెప్పలేదతను.
ఒకే ఇంటిపేరున్న ఇద్దరిలో
ఎవరొచ్చారని నేనే అడగలేదు.
పచ్చాకు పోసి పచ్చాకు తీసే ఊరికి
ఆ రెంటి మధ్య నాలుగు రాత్రుల కట్టెలున్నాయని
నాకేం తెలుసు.

ఆ బేళ్లు వేలం ఫ్లోరు మీద
రెండు రోజులు కూర్చున్నాయి,
నో బిడ్ అన్న చీటీతో.
నల్ల సిరా, తెల్ల కాగితం.
అవతలి గేటు దగ్గర్నించే అందరికీ కనిపించింది.

గ్రేడింగ్ షెడ్డులో ఖాశింబీ
ఆకులు ఒళ్లో పరుచుకుంది.
ఇది నిమ్మ, ఇది సొన, ఇది తేనె,
ఇది పాత బెల్లం, ఇది కొత్త బెల్లం.
నాకు ఐదూ ఒకటే.
"ఒంటరి ఆకును చూపించి అడగబాక," అంది,
"పక్కన ఇంకోటి పెట్టి అడుగు.
ఎండలో గాదు, చీకట్లో గాదు, గడప మీద."

రేకుల గదికి పోయి నిలబడ్డాను.
మధ్యాహ్నం మూడింటికి పడమటి కిటికీ ఎండ
తెర మీద పడింది.
తెలుపు మీద నా పసుపు మాట
ఉప్పులో కలిసిన పంచదార.
మాల్యాద్రి తమ్ముడు మాలకొండయ్యను పిలిచి
ఎరుపూ ఆకుపచ్చా చూపిస్తే
కాసేపు తల వంచి చూసి,
"రెండూ మట్టిరంగే గదా," అన్నాడు సిగ్గుపడి.
నలభై ఏళ్లలో ఎవరూ అడగలేదట.

అక్కడే, ఆ ఎండలోనే, మళ్లీ మొదలుపెట్టాను.
మండుతోంది: ముదురు నీలం.
చూసుకో: నల్ల పట్టీ మీద నారింజ, ముందో త్రికోణం.
ఆరిపోయింది: ఎర్రటి డబ్బాలో తెల్లగా, లావుగా,
ఈగలు కాదు, తూనీగలంత.

నీలం దగ్గర మాల్యాద్రి అలిగాడు.
"నిప్పుకు నీలమేందమ్మా?"
గ్యాసు పొయ్యి చూడమన్నాను.
చూస్తానన్నాడు గానీ నమ్మలేదు.

నిన్న రాత్రి ఫోన్ చేస్తే
"తొమ్మిదోది నీలంగా ఉంది," అన్నాడు.
ఆగాడు. దగ్గాడు.
"అయినా పోయి తలుపు మీద చెయ్యి పెట్టి చూసొచ్చాలే.
నువ్వు పడుకో."