రసమట్టం

పలక వెనక్కి నీరు చేరిందంటే
మీద ఎంత మెరిసినా లాభం లేదు.
వేలి కణుపుతో తడితే డొల్లగా పలుకుతుంది.
సండర్లాండ్‌లో పద్దెనిమిదేళ్ళుగా
స్నానాలగదులకు పలకలు అతికిస్తూ
గడపగడపకీ చెప్పిన మాట ఒకటే:
"చీలిక వెంట్రుకంత ఉన్నప్పుడే కబురు చెయ్యండి,
తర్వాత చూద్దామంటే గోడంతా ఊడుతుంది."

నా కంట్లో మొదట రాలినవి నల్లపూసలు.
దారం తెగినట్టు గుప్పెడు,
ఎటు చూస్తే అటు జారుతూ.
ఆ వెనకే చూపు అంచున మెరుపులు,
చీకట్లో ఎవరో అగ్గిపుల్ల గీసి ఆర్పేస్తున్నట్టు.
అది మంగళవారం.
సీబర్న్‌లో ఒక వంటగది సగంలో ఉంది.
గ్రేమ్‌కి నడుం పట్టేసింది.
కలిపిన సిమెంటు ఎవరికోసమూ ఆగదు.
బుధ. గురు.
శుక్రవారానికి కింది మూల నుంచి
నీడొకటి వరదనీరులా ఎక్కింది.
శనివారం పొద్దున
టీ కప్పుతో వచ్చిన హైమ మొహంలో
ముక్కు లేదు.

కంటి ఆసుపత్రి బెంచీ మీద
అందరం ఒక్కో కన్ను మూసి, రెండోదాన్ని పరీక్షించుకుంటున్నాం.
శుక్లం తీయించుకున్న రెండేళ్ళకి ఇలా అయిందని
మిసెస్ హెదరింగ్టన్, ఒళ్ళో సగం అల్లిన మేజోడు.
కీరన్‌కి పందొమ్మిదేళ్ళు, బాక్సింగ్ కుర్రాడు,
గుద్దు తిన్నది ఈస్టర్‌కి, పొర చిరిగింది ఇవాళ.
నస్రీన్ వాళ్ళమ్మకీ ఇదే, మేనమామకీ ఇదే.
"మా ఇంట్లో నగలకు బదులు ఇది పంచుతారు" అని నవ్వింది.
నావేమో బడినాటి సోడాబుడ్డి కళ్ళద్దాలు, మైనస్ పదకొండు.
"పొడుగు కన్ను" అంది డాక్టర్ ఒయెలరాన్.
"చిన్న గోడకు కొన్న కాగితాన్ని
పెద్ద గోడకు లాగి అతికించినట్టు. పల్చబడుతుంది."
ఆ గదిలో ఆ మాట
నాకు తగిలినంతగా ఎవరికీ తగిలి ఉండదు.

కింద నీడ పడిందంటే ఊడింది పైనట.
కంట్లో అంతా తలకిందులు.
పైన ఊడితే నీరు కిందికి తొందరగా పాకుతుందట.
ఆవిడ మరీ మరీ అడిగింది ఒక్కటే:
"నట్టనడుమ చూపు ఎప్పుడు పోయింది?"
నిన్న రాత్రో, ఇవాళ తెల్లవారో.
బుధవారం వచ్చి ఉంటే, అనలేదు.
పెన్ను మాత్రం ఒక్క క్షణం ఆగింది.

అంచులు కాల్చి అతికించారు.
లోపల గాలిబుడగ పెట్టారు, ఒత్తి పట్టుకోడానికి.
మణికట్టుకి పచ్చ పట్టీ: విమానం ఎక్కరాదు.
బుడగ పైకే తేలుతుంది కనక
మొహం నేలకి, ఐదు రోజులు.

మా వంటింటి నేల నేను పరిచిందే.
మంచికంటితో ఐదు రోజులు చదివాను దాన్ని.
ఫ్రిజ్ పక్కన ఒక పలక నూలంత పక్కకి పోయింది,
పదేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా.
హైమ మడమల పగుళ్ళు ఇన్ని అని
నాకు తెలీదు.
గొట్టంతో టీ తాగుతూ అడిగాను, నొప్పిగా ఉంటాయా అని.
"చలికాలం" అంది.

లేచి కూచున్నాక బుడగ గీత
రోజుకింత కిందికి దిగింది,
పైనుంచి తేటపడుతూ.
తల వంచితే గుండ్రంగా నడిమికొచ్చి కూచునేది
నా రసమట్టంలో బుడగలాగే.
తర్వాత మిరియపుగింజంత.
ఒకనాడు లేదు.

నల్లపూసలు కనపడ్డ రోజే పరిగెత్తుకొచ్చిన కీరన్
అట్టమీద ఆఖరి వరస దాకా చదువుతున్నాడు.
మిసెస్ హెదరింగ్టన్‌కి మచ్చకట్టి పొర ముడుచుకుంది,
మళ్ళీ కోశారు.
నాకు అయిదు వరసలు.
సందుగీతలు మాత్రం ఆ కంటికి అలలు.
ఎంత నిటారుగా పరిచినా
రోకర్ సముద్రంలా ఊగుతాయి.
రసమట్టాన్ని నమ్ముతాను. వేలికొనలని నమ్ముతాను.
గ్రేమ్ వెనక నిలబడి "సరిగానే ఉంది" అంటే
ఒకప్పుడు కోపం వచ్చేది.

ఇవాళ ఒకావిడ ఫోన్లో అడిగింది,
షవర్ కింద చిన్న చీలిక,
వచ్చే నెల దాకా ఆగుతుందా అని.
వాళ్ళ గుమ్మం ముందు
సామాన్ల సంచి అప్పటికే దింపేశాను.