నిలకడ

మ్యూన్‌స్టర్‌లో నవంబరు. తెల్లవారుజాము నాలుగున్నర.
పాత కోటగోడ పడగొట్టి వేసిన సైకిలు బాట మీద
లిండెన్ చెట్లు రెండు వరసల్లో తడుస్తున్నాయి.
పొద్దుటి డ్యూటీ నాది.
చంకలో రసీదు పుస్తకం, ముక్కు కొసన మంచు బొట్టు.

పొగమంచులో దూరంగా ఒక తెల్ల చుక్క.
ఉంది. లేదు. ఉంది. లేదు.
ప్రతి 'ఉంది'కీ నా అంచనా తప్పుతోంది.
చెయ్యెత్తాను. బ్రేకు కీచుమంది
నేననుకున్న చోట కాదు,
నా బూటుకు జానెడు దూరంలో.

పేరు ఫ్రౌకె టెర్‌హోర్స్ట్.
రొట్టెల బట్టీలో పని నేర్చుకుంటోంది,
గోళ్ళ సందుల్లో నిన్నటి పిండి.
"మిణుకు దీపం ఇక్కడ చెల్లదు."
"లీడ్స్‌లో చెల్లింది. ఏడాది తొక్కాను.
నిమిషానికి అరవై సార్లకు తగ్గకూడదు,
రెండొందల నలభై దాటకూడదు.
అక్కడ లెక్క కూడా ఉంది."

మధ్యన ఉన్నది ఒక్క సముద్రమే.
ఆ ఒడ్డున కన్ను గీటితే మర్యాద, ఈ ఒడ్డున తప్పు.
చట్టానికీ యాస ఉంటుంది కాబోలు.

నేను నేర్చిన పాఠం అప్పజెప్పాను:
మిణుకు 'ఎవరో ఉన్నారు' అంటుంది,
ఎంత దూరమో చెప్పదు.
నిలిచి వెలిగేదాన్నయితే
చూపు నూలుపోగులా పట్టుకుని రాగలదు.

విని, మీట నొక్కింది.
వడి మిణుకు. మెల్లని మిణుకు. మూడోసారి నిలకడ.
వెలిగింది,
వేసవి చెలమలా లోపలికి ఇంకి
ఆరిపోయింది.
"అందుకే," అంది. "బ్యాటరీ అడుగంటింది.
ఆగి ఆగి వెలిగితేనే నన్ను చేరుస్తుంది.
జీతం శుక్రవారం."

నాకు తెలియని లెక్క కాదు.
నెలాఖరుల్లో మా అమ్మ
గదికొకసారి హీటరు ఆర్పుతూ, వెలిగిస్తూ
చలికాలాలు దాటించింది.

ఇరవై యూరోలు రాయాలి.
పెన్ను తీశాను.
సిరా గడ్డకట్టింది అన్నాను.
ఆమె నా పెన్ను కేసి చూసి ఏమీ అనలేదు.

నా సైకిలుకు డైనమో.
చక్రం తిరిగినంతసేపూ వెలుగు,
ఆగినా కాసేపు వదలదు.
"నా వెనకే రా."

బాట మీద ఇద్దరం.
ముందు నా దీపం రెప్ప వెయ్యకుండా,
వెనక ఆమెది మళ్ళీ బతికి, చట్టవిరుద్ధంగా.
నా నీడ పలచగా
ఎదట తడి మీద పుడుతోంది, పోతోంది.
బట్టీ తలుపు సందులోంచి ఈస్టు వాసన.
థాంక్స్ అనలేదు. టైమైంది.

ఆరున్నరకు, ఇంకా చీకటే,
ఇద్దరు విద్యార్థుల్ని ఆపాను.
అదే మిణుకు.
ఇద్దరికీ రసీదు రాశాను.
సిరా బాగానే పారింది.