ఒంటిచేత్తో

మా ఆయన ఆ సినిమాలో పదకొండుసార్లు చచ్చాడు.
చావుకి నాలుగొందల యాభై పెసోలు.
నీళ్లలో పడి చస్తే ఇంకో వంద.

ఒలొంగపోలో అమెరికావాళ్లు నేవీ బేస్ మూసుకుని పోయాక
బాయిలర్ ఫిట్టర్ నెమెసియోతో ఎవరికి పని?
రెండేళ్లు ట్రైసికిల్ తొక్కాడు,
ఓ వానాకాలమంతా చేపల మార్కెట్లో ఐసు కొట్టాడు.
అప్పుడు దిగింది సినిమా కంపెనీ.
రేవులో తుప్పుపట్టిన యుద్ధనౌకని అద్దెకి తీసుకుని
రంగు వేసింది,
కెమెరాకి కనబడే పక్క మాత్రం.

అన్నం తింటూ నాకు కథ చెప్పాడు.
దొంగలు ఓడని పట్టేస్తారు,
నూట ఎనభైమంది నావికుల్ని కింద కుక్కి తాళం వేస్తారు,
హీరో ఒక్కడే మిగులుతాడు,
ఒంటిచేత్తో ఓడంతా గెలుస్తాడు.
"మరి నువ్వు?"
"దొంగని. పేరు లేదు. మెట్లదగ్గర దొంగ అని రాసుకున్నారు."
మెతుకులు పొలమారేలా నవ్వాడు.
"దానికి ఆవిరి పుట్టించాలంటేనే
కింద పదిమందిమి చెమటలు కక్కాలి, ఫిలొమేనా.
వాడొక్కడూ ఎటు తోలుకెళ్తాడట?"

సాయంత్రం చొక్కా తెచ్చేవాడు.
వాళ్ల నెత్తురు చక్కెర పాకం.
బకెట్లో నానేసేలోపే
గుండె దగ్గరి చిల్లు చుట్టూ చీమలు బారు కట్టేవి.
చీమలు దులిపి, చిల్లు కుట్టి,
పొద్దున్నే మళ్లీ చావడానికి ఇస్త్రీ చేసి ఇచ్చేదాన్ని.

ఒకరోజు మీసం పెట్టేవారు,
ఇంకోరోజు మీసం పీకి నల్లటోపీ.
మంగళవారం తను చచ్చిన చోట
బుధవారం తన శవాన్నే దాటి పరిగెత్తాడు.

హీరో ఇనప తలుపు తన్ని తెరిస్తే లోపల క్షిపణుల గది.
నిజానికది బట్టలుతికే గది.
కొత్తగా పెళ్లైన రోజుల్లో అక్కడే పైపు మారుస్తూ
మేకుతో గోడమీద నా పేరు గీశాడు.
ఆ పేరు మీద పుర్రె బొమ్మ అతికించారు, ప్రమాదం అని.

పదకొండో చావు.
తన్నగానే మెట్లమీంచి పరుపుమీద పడాలి.
పరుపు జరిగింది.
కుడి మణికట్టు మూడు ముక్కలు.
ఇంకో టేకు అక్కర్లేదన్నాడట డైరెక్టర్,
కేక బాగా వచ్చింది.
నీళ్లలో పడలేదు గనక
ఆ వంద రాలేదు.

తన్నింది హీరో కాదు, అతని డూపు.
ఎక్కడివాడో, మా మాట రాదు.
రాత్రి వచ్చి గుమ్మంలో నిలబడి
నా చేతిలో ఒక అనాసపండు పెట్టి
తల వంచుకుని వెళ్లిపోయాడు.

శాన్ రోకే పండగకి ప్లాజాలో తెల్లగుడ్డ కట్టి సినిమా వేశారు.
మా ఆయన చచ్చినప్పుడల్లా
పిల్లలు గొంతెత్తి లెక్కపెట్టారు.
ఎనిమిది! తొమ్మిది!
పదకొండు దగ్గర
ఆ కేక.

పంటి నొప్పికీ, వాళ్లమ్మ పోయినప్పుడూ
ఎన్నడూ నా ముందు బయటికి రాని గొంతు
నాలుగు స్పీకర్లలో ఒకేసారి.
ప్లాజా అంతా ఈలలు, చప్పట్లు.
తనూ కొట్టబోయాడు. కుడిచెయ్యి లేవలేదు.
ఎడమచెయ్యి చాపి నావైపు చూశాడు.
నా అరచెయ్యి దానికేసి కొట్టాను.
గట్టిగానే మోగింది.

మొన్న ఓడని ముక్కలు చెయ్యడానికి లాక్కుపోయారు.
ఎవరూ హైజాక్ చెయ్యలేదు, ఎవరూ కాపాడలేదు.
రంగు వెయ్యని పక్క మావైపు తిరిగి ఉంది.
గట్టుమీద నిలబడి టగ్గులు లెక్కపెట్టాడు, నాలుగు.
వాటి మీది మనుషుల్ని లెక్కపెట్టాడు.
"చూశావా, చచ్చిన ఓడని కదపడానికే..."
అక్కడ ఆపేశాడు.
గాలికి చొక్కా గుండీ ఊడింది, కిందినించి మూడోది.
నన్ను పెట్టనివ్వడు.
ఓడ మలుపు తిరిగేదాకా
ఎడమచేత్తో ఆ గుండీతోనే
కుస్తీ పడుతున్నాడు.