వెనక గోడ

వార్డో రేవులో పాత ఇళ్లకు రెండు ముఖాలు.
వీధి వైపు తెలుపు, సముద్రం వైపు ఎరుపు.
తెల్లరంగు ఖరీదని
వెనకటివాళ్లు నలుగురూ చూసే వైపే పూశారు.
వెనక్కి చేపనూనెలో కలిపిన ఎర్రమన్ను చాలనుకున్నారు.
గాలి మాత్రం ఎప్పుడూ
వెనకనుంచే వస్తుంది.

ఓడ్‌బ్యోర్గ్ వలలకొట్టు అమ్మకానికి పెట్టింది.
గురువారం ట్రోమ్సో నుంచి వెలకట్టే మనిషి వస్తాడట.
"ముందు గోడకి ఒక పూత లాగించెయ్ తోరున్,
వెనక్కి ఎవరు తొంగిచూస్తారు?"
సరే అనలేదు, కాదనలేదు.
నిచ్చెన మోసుకెళ్లి వెనక గోడకి ఆనించాను.

పూతపనిలో పూత ఆఖరిది.
ముందు గీకాలి. మోచెయ్యి తిమ్మిరెక్కేదాకా గీకాలి.
పక్షిరెట్టలూ ఉప్పూ సోడానీళ్లతో కడగాలి,
ఆరబెట్టాలి, ఈ ఊళ్లో ఆరబెట్టడమంటే
ఆకాశాన్ని బతిమాలడమే.
గరుకు కాగితం. మళ్లీ తుడుపు.
ఇదంతా అయ్యాక డబ్బా మూత తీస్తే
దారిన పోయేవాళ్లు అంటారు,
"ఓ, ఇవాళ మొదలెట్టావా పని?"

ఎరుపు కింద ఇంకో ఎరుపు.
దాని కింద ఎవరి పడవకో వేయగా మిగిలిన ఆకుపచ్చ.
ఆ కింద బూడిదరంగు,
యుద్ధం అయ్యాక ఏది దొరికితే అది.
పొలుసులు నా జుట్టులో, కాఫీ కప్పులో.

కిటికీ కింద స్క్రూడ్రైవర్ మొన ఆనించాను.
నొక్కలేదు, ఆనించానంతే.
పిడిదాకా దిగింది,
ఉడికిన బంగాళాదుంపలోకి దిగినట్టు.

లోపల చెక్క లేదు.
పుట్టీ. పుట్టీ వెనక ఉండచుట్టి కుక్కిన పాత పేపరు.
పైన మూడు చేతుల రంగు,
ఒక్క కుంచెగీత కనపడకుండా.
అంత నున్నగా వేసే చెయ్యి
ఈ ఊళ్లో ఒక్కటే ఉండేది.
పట్టీ ఊడదీసి తిరగేశాను.
పెన్సిలు రాత:
హాల్‌వర్డ్, ఆగస్టు, వానకి ముందు.

పైన పటారం లోన లొటారం అని
ఊళ్లో పెయింటర్లందర్నీ తిట్టిన మా నాన్న.
గీకనిదే పూస్తే చెయ్యి విరగ్గొడతానన్న మా నాన్న.
ఆ చలికాలం నాకు కొత్త స్కీలు వచ్చాయి.
ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడబుద్ధి కాలేదు.
రంపం తీశాను.

గట్టిచెక్క తగిలేదాకా కోశాను.
అనుకున్నదానికంటే రెండు జానలు ఎక్కువే పోయింది.
చేవదేరిన పైన్ చెక్క అతికి,
కోసిన అంచులు అవిసెనూనె తాగినంత తాగించాను.
నూనె గుడ్డలు నీళ్ల బకెట్లో వేశాను,
కుప్పగా వదిలేస్తే
వాటంతటవే అంటుకుంటాయి.
సూర్యుడు అస్తమించని రోజులు.
ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పరు.

ఓడ్‌బ్యోర్గ్ కాఫీ తెచ్చి కొత్త చెక్క చూసింది.
"దీనికి అదనంగా ఎంత?"
"ఏం లేదు. పాత బాకీ."
ఎవరిదని అడగలేదు. కాసేపాగి అంది,
"ఆ ఏడు మీ నాన్నకి మా అమ్మ ఎండుచేపలే ఇచ్చింది."
అది క్షమాపణో, రసీదో
నాకిప్పటికీ తెలీదు.

పట్టీ బిగించే ముందు
ఆయన పేరు చెరపలేదు.
కింద నాది రాశాను:
తోరున్, జూలై, చెక్క ఆరాక.

గురువారం రానే వచ్చింది.
ముందు గోడ ఇంకా పొలుసులతోనే ఉంది.
వెలకట్టే కుర్రాడు ఎస్కిల్ వీధిలో నిలబడి
నాలుగు ఫోటోలు తీసి,
పెదవి విరిచి, ఏదో అంకె వేశాడు.
ఓడ్‌బ్యోర్గ్ నన్ను చూసింది.
నేను నా బూట్లు చూసుకున్నాను.

సిగరెట్టుకి గాలి అడ్డమని కాబోలు
అతను వెనక్కి నడిచాడు.
కిటికీ కింద ఆగాడు.
"తడి..." అనబోయాను.
అప్పటికే బొటనవేలు నొక్కి చూశాడు,
చెక్క గట్టిగా ఉందా అని.

ఆ ఎర్రటి వేలితోనే
కాగితం వెనక్కి తిప్పాడు.