చెయ్యి ఎక్కడ పెట్టాలి

హోబార్ట్‌లో జూలై. ఐదింటికే చీకటి.
లైబ్రరీ కిటికీ అవతల డెర్వెంట్ నది
రేవులో పడవల్ని జోకొడుతోంది.

ముందు ఫారం.
మొదటి మేజర్ రసాయనం, రెండోది వృక్షశాస్త్రం.
మైనర్ అన్నచోట ఖాళీ గడి,
అందులో కర్సర్, రెప్ప కొడుతూ.

"నాలుగే సబ్జెక్టులు," అంది సలహాదారు ఫిలిపా,
"కాకపోతే ల్యాబులకు అడ్డొస్తాయి.
ఊపిరాడదు నీకు."
"డ్రాయింగుకి ఉద్యోగం ఎవడిస్తాడే?" అంది
గదిలో ఉండే హిమజ, నూడుల్స్ ఊదుకుంటూ.
ఫీజుకి చేపల కొట్లో
ఎన్ని శనివారాలు నిలబడాలో లెక్కేశాను.
లెక్క తేలింది. నేను తేలలేదు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు.
పెట్టేశాను, ఎప్పుడో.
ఇప్పుడు అడుగుతున్నది చెయ్యి సంగతి.

నిన్న మైక్రోస్కోప్ కింద నాచు ఆకు.
ఫోటో తియ్యమన్నారు, తీశాను.
తర్వాత ఎందుకో పెన్సిలుతో గీస్తుంటే
అంచు పొడుగునా సన్నటి పళ్లు.
ఫోటోలో ఉన్నవే,
నేను చూడనివి.

శుక్రవారం గడువు.
ఫారం ఇంకా పంపలేదు.
పక్కన చిత్తుకాగితం మీద
ఆ కర్సర్ గీతనే కాండంగా గీశాను.
రెండాకులు పెట్టాను.
పెన్సిలు ఆగలేదు.