చిట్టీ పాట

ఏడో నెల పాటల నేనే పాడిన.
యాభై వేల చిట్టీ,
పద్నాలుగు వేలు వదులుకుంటె
కమిషన్ పోను చేతికొచ్చింది ముప్పై మూడున్నర.
పోగొట్టుకునుడును పాడుడు అంటరు మా ఆఫీసుల.
ఆ మాట పెట్టినోడు ఎవడో గాని
ఎన్నడో ఒకనాడు ఆర్కెస్ట్రాల ఉండే ఉంటడు.

ఇంట్ల వాషింగ్ మిషిన్ అని చెప్పిన.

పదకొండేండ్ల సంది
హన్మకొండ ఫంక్షన్ హాళ్ళల్ల,
ఆదివారం కాజీపేట చర్చిల
మందిది అడుక్కొచ్చిన గిటారే వాయించిన.
బేస్‌ని ఎవ్వరూ వినరు.
ఆగితె మాత్రం తల ఎత్తి చూస్తరు,
కరెంటు పోయి పంకా ఆగినట్టు.

స్టేషన్ రోడ్డు మీది అంతస్తు దుకాణం.
గోడకు వరుసగ వేలాడుతున్నయి
ఎర్రటిది, నల్లటిది, ముట్టుకోవద్దని చీటీ ఉన్నది.
పిలగాడు అయిదు తీగెలది దించిండు:
"కింద ఇంకో స్వరం దొరుకుతదక్కా."
ఆ స్వరం నాకు ఎరికే.
నడిజాము బొగ్గు బండి యార్డుల కదిలితె
మా గూట్లె స్టీలు గ్లాసులు రోజూ దాన్నే అంటయి.
దానికి తొమ్మిది వేలు ఎక్కువ ఎందుకియ్యాలె?

నేల మీద పెడళ్ళు, సబ్బు పెట్టెలంత.
ఒకదాన్ని తొక్కితె గొంతు చిరుగుతది.
ఒకటి స్వరాన్ని నీళ్ళల్ల ముంచి తీస్తది.
ఇంకోటి అన్నమాటనే నాలుగుసార్లు అంటది,
అచ్చం మా బ్రాంచి మేనేజరు.
నవ్వుకుంట తొక్కిన, ఆశపడి తొక్కిన,
ధర చీటీ తిప్పి చూసి
చెప్పులేసుకున్న.

మండిబజార్ల ఖదీర్ చిచ్చా
సోల్డరింగ్ పొగల కండ్లు చిట్లించి అడిగిండు:
"నోరు కొంటున్నవా, కడుపు కొంటున్నవా?"
మూలకున్న డబ్బా ముందుకు జరిపిండు,
మూతబడ్డ ఏదో బ్యాండుది,
పదిహేనంగుళాల స్పీకరు, కొత్త కాగితం వేసిండు.
మీటల దిక్కు చూడలే.
వెనక చెక్కను వేలితోటి కొట్టి విన్నడు,
పుచ్చకాయ ఏరుకున్నట్టు.

ప్లగ్గు పెడితె
గుమ్మ్... ఒకటే రొద.
నా మొఖం వాడిపోయింది.
"డబ్బా తప్పు కాదు బిడ్డా, ఎర్త్ ఎండింది."
మీటరు కింది గుంటల
రెండు పిడికిళ్ళ ఉప్పు, బకెటు నీళ్ళు పోసి
గోడకానుకొని బీడీ ముట్టిచ్చిండు.
బీడీ సగమైనంక
రొద సన్నగిల్లింది, సన్నగిల్లి
ఉన్నట్టుండి లేకుంట పోయింది.
ఆ నిశ్శబ్దం ఎంత లోతుగ ఉండెనంటె
ముందుగాల దాన్నే కొనాలనిపించింది.

అప్పుడు లావు తీగె మీటిన.
రేకు డబ్బల స్క్రూలన్నీ పక్కకు జరిగినయి.
చాయ్ గ్లాసుల గుండ్రంగ ముడతలు.
ఎదురు దుకాణం షట్టరు
పేరు పెట్టి పిలిచినట్టు పలికింది.
చిచ్చా బీడీ ఆర్పి
"పదిహేడు" అన్నడు.

నాలుగు తీగెల పాత గిటారు పదమూడు,
మెడ దగ్గర ఎవరిదో బొటనవేలు అరిగిన జాగ,
నా వేలు అండ్లనే సరిపోయింది.
తీగెలు, కేబులు, ట్రాలీ ఆటో కిరాయి.
మిగిలిన దాంట్ల ఒకే ఒక్క పెడలు:
శ్రుతి చూసేది.
తొక్కితె ఏమీ వినపడదు.

అమ్మ డబ్బా చుట్టూ తిరిగింది.
నీళ్ళ పైపు ఎక్కడని వెతికింది.
"గిదేనా బట్టలుతికేది?"
నేనేమనలే.
ఆమె కూడా ఇంకేమనలే,
ఉతికి మడతపెట్టిన బట్టలు తెచ్చి
దాని నెత్తి మీదనే పేర్చింది.

ఇంకా పదమూడు నెలలు కట్టాలె.

రాత్రి, సౌండు బాగ తగ్గించి
ఒక్కటే స్వరం, చాలసేపు.
పైనున్న తువ్వాల
ఎవ్వరూ గుంజకుండనే
మెల్లగ అంచుకొచ్చింది.